భుజానికి వారం రోజుల సెలవు

ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ పన్నెండు వారాలూ నేను పడ్డ బాధ పగవాళ్ళకు కూడా వద్దు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన కనిపించిన వాళ్ళందరికీ చాటింపు వేస్తాడు. వేసుకోనీండి. ఆ కోపమే లేకపోతే ఇరవై ఎనిమిదేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో నెగ్గుకొచ్చేదాన్నా?

మా లాండ్రీకి రెండు వైపులున్నాయి. తడి వైపు పెద్ద మెషిన్లు. ఉతికిన దుప్పట్లను బుట్టల్లోకి లాగి, ఆ బుట్టలు ఎత్తి బల్లమీద పెట్టాలి. పొడి వైపు ఆరిన వాటిని ఇద్దరిద్దరం ఎదురెదురుగా నిలబడి మడతపెట్టి, వార్డులవారీగా దొంతరలు పేర్చాలి. ఒక వారం తడి, ఒక వారం పొడి. నాకు మడతలో తోడుగా ఉండేది ఒక పొడుగామె. ఆమెను అందరం నిచ్చెన అంటాం, ఆమె కూడా పలుకుతుంది. మంచానికి కింద ఒక దుప్పటి, పైన ఒక దుప్పటి కాబట్టి మా దగ్గర లెక్కంతా జతల్లోనే. నేనూ నిచ్చెనా కలిస్తే పూటకు మూడు వందలు దాటించేవాళ్ళం. వార్డు నుంచి ఒక్కరోజు కూడా లెక్క తప్పిందని మాట రాలేదు.

అలాంటిదాన్ని, తడి వైపు నేలమీద ఒలికిన సబ్బునీళ్ళలో కాలు జారి పడ్డాను. ఒలికించింది ఎవరో నాకు తెలుసు. చెప్పను. పాపం, ఆ మనిషి ఇప్పటికీ రోజూ నాకు టీ తెచ్చిస్తోంది. కుడి భుజం కింద ఎముక విరిగింది. ఆరు వారాలు చేయి మెడకు వేలాడదీసుకుని తిరిగాను. కట్టు విప్పాక చూసుకుంటే నా చేయి నాది కాదు. యూనిఫాం చొక్కా చేతిలో ఇంకో చేయి దూరేంత ఖాళీ ఉంది.

సూపర్‌వైజర్ పిలిచి రూలు చదివి వినిపించాడు. ఎముక అతికిందని కాగితం తెస్తే సరిపోదట. పన్నెండు కిలోల బుట్టను నేలమీంచి బల్లమీదికి పదిసార్లు, డాక్టరు చూస్తుండగా ఎత్తాలట. గడువు పన్నెండు వారాలు. ఎత్తితే పాత పని, ఎత్తలేకపోతే ఇంటికి.

"ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది కదండీ నాకు!" అన్నాను.

"ఉందమ్మా. అందుకే పన్నెండు వారాలిచ్చారు" అన్నాడాయన, నాకేదో మేలు చేసినట్టు.

ఇంటికి అన్న మాట వింటే చాలు, నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మా ఆయన సిటీ బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. మొదటి ఏడాదంతా గుమ్మంలో కుర్చీ వేసుకుని వీధిలో పోయేవాళ్ళను లెక్కపెట్టేవాడు. సాయంత్రం నేను డ్యూటీ దిగి వస్తే, "ఇవ్వాళ నాలుగు వందల పన్నెండు మంది, నువ్వు పదమూడు" అనేవాడు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చునే గతి నాకు పట్టకూడదని గట్టిగా అనుకున్నాను.

అలా చేరాను ఫిజియో అమ్మాయి దగ్గరికి. నా కూతురి ఈడుంటుంది. సన్నగా ఉంటుంది గానీ చేతులు పట్టకారులే. మొదటిరోజు నా భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చేతిలో ఒక రబ్బరు బెల్టు పెట్టింది.

"ఆంటీ, ముందే ఒక మాట చెబుతున్నా. మొదటి మూడు నాలుగు వారాల్లో కండేం పెరగదు. బలం మాత్రం పెరుగుతుంది."

"కండ లేకుండా బలమెక్కడి నుంచి వస్తుందమ్మా?"

"ఉన్న కండకే పని గుర్తొస్తుంది. ఆరు వారాలు ఊరికే వేలాడింది కదా, మెదడు నుంచి కబురు సరిగ్గా అందడం లేదు. ముందు ఆ దారి తెరుచుకుంటుంది. కండ పెరగడం ఆ తర్వాత."

నాకు నచ్చింది. అందులో దాపరికం లేదు. ఇంట్లో చేయాల్సినవి మూడు చెప్పింది. తలుపు పిడికి బెల్టు కట్టి వెనక్కి లాగడం ఒకటి. గోడకు చేతులానించి ఒళ్ళు ముందుకు వెనక్కు తోయడం రెండోది. నీళ్ళ డబ్బాలో రెండు లీటర్లు పోసి నడుము నుంచి భుజం దాకా ఎత్తి దించడం మూడోది. ఒక్కొక్కటీ పదేసి సార్లు, అలా మూడు విడతలు, విడతకూ విడతకూ మధ్య కాస్త ఆగాలి. వారానికి మూడు రోజులే, రోజు విడిచి రోజు. తేలికనిపిస్తే డబ్బాలో ఇంకో అర లీటరు పోయాలి.

"చివరి రెండు సార్లూ కష్టంగా ఉండాలి ఆంటీ, కానీ చేయగలగాలి. ఇంకో రెండు చేసే ఓపిక మిగిలుండగానే ఆపేయాలి. ప్రాణం పోయేదాకా చేయకూడదు."

"సరేనమ్మా" అన్నాను. మనసులో మాత్రం, ఇంత సుకుమారంగా పనిచేసుంటే మా లాండ్రీలో దుప్పట్లు ఇప్పటికీ తడిగానే ఉండేవి అనుకున్నాను.

ఇంట్లో పడకగది తలుపు వేసుకుని చేసేదాన్ని. మొగుడైతే మాత్రం, యాభై నాలుగేళ్ళ మనిషిని నీళ్ళ డబ్బా పట్టుకుని పైకీ కిందికీ ఊపుతుంటే చూస్తానంటే ఎలా ఒప్పుకుంటాను? "లోపల ఏం జరుగుతోందే? మూలుగులు వినిపిస్తున్నాయి!" అని బయటి నుంచి వేళాకోళం. "మీ పని చూసుకోండి" అని లోపలి నుంచి నేను. ఒక నోటుబుక్కు పెట్టి, చేసిన ప్రతి విడతకూ పది అని రాసి టిక్కు కొట్టేదాన్ని.

రెండు వారాలకు ఫిజియో అమ్మాయి మెచ్చుకుంది. ఆసుపత్రిలో ఆమే పైకి లెక్కపెట్టేది, నేను ఎత్తడమే. మూడు లీటర్ల డబ్బా పదిసార్లు ఎత్తాను. "భలే ఆంటీ!" అంది. నేల మీద కాలు ఆనకుండా ఇంటికి చేరాను ఆ రోజు.

మూడో వారం నుంచి తేడా మొదలైంది. ఇంట్లో ఆరు దాటేసరికే చేయి వణికేది. ఏడుకు పళ్ళు బిగించేదాన్ని. ఎనిమిదీ తొమ్మిదీ ఎలా అయ్యేవో ఆ దేవుడికే తెలియాలి. పదయ్యాక మంచం అంచు పట్టుకుని కళ్ళు మూసుకునేదాన్ని. చివరి రెండే కష్టంగా ఉండాలని కదా ఆమె చెప్పింది? నాకు చివరి నాలుగూ నరకమే. అయినా ఆపలేదు. లెక్క తప్పడం నా ఇంటావంటా లేదు. పది అంటే పదే.

నాలుగో వారం ఆసుపత్రిలో ఎనిమిది దగ్గర ఆగిపోయాను. ఐదో వారం ఏడు. ఏడో వారం అదే మూడు లీటర్ల డబ్బా ఐదుసార్లు ఎత్తేసరికి చేయి నా మాట వినడం మానేసింది. డబ్బా కింద పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ఫిజియో అమ్మాయి నుదురు ముడిపడింది. "ఇంట్లో ఏమైనా ఎక్కువ చేస్తున్నారా ఆంటీ?"

"లేదమ్మా. నువ్వు చెప్పింది చెప్పినట్టే. పదికి ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఇదిగో చూసుకో" అని నోటుబుక్కు చేతిలో పెట్టాను.

పేజీలు తిప్పింది. "నిద్ర పడుతోందా?"

"ఏం నిద్ర. భుజం సలుపుతూనే ఉంటుంది."

"తిండి?"

"దానికేం లోటు లేదు."

బుక్కు మూసింది. "మీరు ఇంతే చేస్తున్నారంటే ఇలా తగ్గకూడదు ఆంటీ. లోపల ఇంకేదైనా ఉందేమో. వచ్చే వారం స్కాన్ తీయిద్దాం. ఈలోగా ఒక్కరోజు చేయండి చాలు, మీరు చేసేటప్పుడు పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. చేయి ఎక్కడ పక్కకు పోతోందో, నడుము వంగుతోందో చూసి చెప్పమనండి."

 ఇంటికి నడిచి వచ్చాను. నా ఒళ్ళు ఇక కొత్తది నేర్చుకోదని తేలిపోయిందనుకున్నాను. ఎంత చేస్తే అంత కిందికి పోతోంది. ఇంకా ఐదున్నర వారాలే ఉన్నాయి, ఐదున్నర వారాల్లో నేను డబ్బా కాదు కదా, చెంబు కూడా ఎత్తలేనేమో. వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను. మా ఆయన వినలేదనే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత, గత్యంతరం లేక, ఆయన్ను పడకగదిలో స్టూలు మీద కూర్చోబెట్టాను.

"నవ్వారంటే చూడండి!"

"నవ్వనే."

"మాట్లాడకూడదు కూడా. చేయి పక్కకు పోతోందా, నడుము వంగుతోందా, అంతే చూడాలి."

నోటికి తాళం వేసినట్టు సైగ చేశాడు. డబ్బా పట్టుకుని మొదలుపెట్టాను. నాలుగు దాటాక చెమట పట్టింది. ఆరుకు చేయి వణికింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. ఎనిమిదికి స్టూలు మీంచి సగం లేచాడు. పది అనేసి డబ్బా దింపి మంచం మీద కూలబడ్డాను.

"చేయి పక్కకు పోయిందా?" అన్నాను రొప్పుతూ.

"చేయి సంగతి తర్వాత. పదే చేయమంది కదే ఆ అమ్మాయి?"

"పదే చేశాను."

"ఇరవై చేశావు."

ఒళ్ళు మండిపోయింది. "మీకు కళ్ళు కూడా పోయాయా? పది!"

"ముప్పై నాలుగేళ్ళు కిక్కిరిసిన బస్సులో తలలు లెక్కపెట్టినవాణ్ణి. నా లెక్కకు వంక పెట్టిన ఇన్‌స్పెక్టరు లేడు. ఇరవై."

"నేను ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కపెట్టాను. నా లెక్కకు వంక పెట్టిన వార్డు లేదు. పది!"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇద్దరం పట్టుబట్టాం. ఆయన లేచి వెళ్ళి, బట్టలారేసే తీగకు ఉన్న క్లిప్పులన్నీ గిన్నెలో వేసుకొచ్చాడు. "మళ్ళీ చెయ్యి. డబ్బా వద్దు, ఉత్త చేత్తో చెయ్యి. నువ్వు చేయి ఎత్తినప్పుడల్లా ఒక క్లిప్పు నేలమీద పడేస్తా. ఎప్పటిలాగే నీ లెక్క నువ్వు పైకి చెప్పుకో."

చేయి ఎత్తి దించాను. క్లిప్పు పడింది. మళ్ళీ ఎత్తి దించాను. ఇంకోటి పడింది. "ఒకటి" అన్నాను.

అని ఆగిపోయాను.

నేలమీద రెండు క్లిప్పులున్నాయి. వాటివైపు చూశాను, ఆయనవైపు చూశాను.  ఇంకోసారి ఎత్తాను, నోరు దానంతటదే మూసుకుని ఉంది. ఇంకోసారి ఎత్తాను, నోరు దానంతటదే "రెండు" అంది. నాలుగు క్లిప్పులు. దొంతర మీద రెండో దుప్పటి పడితే గానీ నా నోటికి అంకె రాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా రాలేదు. ఇంట్లో ఒంటరిగా, తలుపు వేసుకుని, డబ్బాను కూడా జతల్లోనే ఎంచాను!

"అయ్యో నా తల్లీ" అని నెత్తి కొట్టుకున్నాను. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఎంత నవ్వానంటే డొక్కలు పట్టేశాయి. నవ్వుతుండగానే ఏడుపొచ్చింది, రెండూ కలిసిపోయి ఏది ఏదో నాకే తెలియలేదు. నా ఒళ్ళు పాడైపోలేదు. పదిసార్లకు సరిపడా ఓపికున్న చేత్తో ఇరవైసార్లు చేయించాను, ఏడు వారాల పాటు, మూడేసి విడతలు. అయినా అది నన్ను విడిచిపెట్టకుండా ఇంతదాకా వచ్చింది. 

"మరి నువ్వు మెట్లు లెక్కపెట్టేదీ ఇలాగేనా?" అన్నాడు మా ఆయన అనుమానంగా.

"నోరు మూసుకుని ఫోనందుకోండి."

ఫిజియో అమ్మాయికి ఫోన్లో అంతా చెప్పాను. అవతల ఏదో ఉక్కిరిబిక్కిరి చప్పుడు వినిపించింది. ఫోను చేత్తో మూసుకుని నవ్వుతోందని నాకు అర్థమైంది. తర్వాత గొంతు సవరించుకుని తిట్టడం మొదలుపెట్టింది.

"మూడు వ్యాయామాలు, మూడు విడతలు, ఇరవైసార్లు, ఏడు వారాలు. అంటే మొత్తం ఎన్నిసార్లయిందో తెలుసా ఆంటీ?"

"లెక్క చెప్పకు తల్లీ. లెక్కంటేనే భయమేస్తోంది."

"కష్టంగా ఉందని నాకెందుకు చెప్పలేదు? చివరి నాలుగూ వణుకుతున్నాయని ఒక్క మాట అంటే నాకు తెలిసిపోయేదిగా!"

 కష్టంగా ఉందని చెప్పడం మా లాండ్రీలో ఎవరికీ అలవాటు లేదు.

"సరే, వినండి. ఎత్తినప్పుడు బలం రాదు. ఎత్తినప్పుడు కండ అలుస్తుంది, నలుగుతుంది, అంతే. మీరు తిని పడుకున్నప్పుడు ఒళ్ళు దాన్ని బాగుచేసుకుంటుంది. బాగుచేసేటప్పుడు మునుపటి కంటే కాస్త గట్టిగా కట్టుకుంటుంది. మీరేమో గోడ ఆరకముందే మళ్ళీ సుత్తి తీసుకుని బాదారు. ఇక నిలబడేదెట్లా?"

"ఇప్పుడేం చేయమంటావు?"

"స్కాన్ ఇప్పుడొద్దు. ఏమీ చేయకూడదు. వారం రోజులు."

"వారమా! ఉన్నవే ఐదు వారాలమ్మా! అందులో వారం ఊరికే కూర్చోమంటావా?"

"కూర్చోండి. పడుకోండి. నడవండి. డబ్బా ముట్టుకుంటే మాత్రం నేను మీ ఇంటికి వస్తా."

ఆ వారం నాకు జైలే. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని చిన్నప్పటి నుంచి విన్న చెవులు ఇవి. నిచ్చెన చూడటానికి వచ్చి, నేను మధ్యాహ్నం పడుకుని ఉండటం చూసి, "ఒంట్లో బాగాలేదా ఏంటే?" అని నుదుటి మీద చేయి వేసింది. మా ఆయన నీళ్ళ డబ్బాలు రెండూ ఎక్కడో దాచేశాడు. నాలుగోరోజు నేను కుర్చీని ఎత్తి చూస్తుంటే చాటుగా వచ్చి పట్టుకున్నాడు.

"టికెట్టు లేదు, దిగు" అన్నాడు.

"ఊరికే జరుపుతున్నానండీ."

"జరిపేటప్పుడు అది నేలమీద ఉండాలి."

ఐదోరోజు భుజం సలపలేదు. ఆ రాత్రి మెలకువ రాకుండా నిద్రపోయాను. ఆరోరోజు వంటింట్లో పై అరలో ఉన్న డబ్బా కావాలంటే ఆలోచించకుండా కుడి చేయి చాపాను. చేయి పోయింది. పైదాకా పోయింది, నొప్పి లేకుండా, వణుకు లేకుండా. డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కట్టు విప్పాక ఆ అర దాకా చేయి వెళ్ళడం అదే మొదటిసారి. ఎందుకు తీశానో మరిచిపోయి, ఆ డబ్బాను మళ్ళీ అక్కడే పెట్టి, మళ్ళీ తీశాను. ఇంత హాయి ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

తర్వాతి నాలుగు వారాలూ లెక్క పగ్గాలు మా ఆయన చేతుల్లోకి పోయాయి. నేను మాట్లాడకూడదు, ఎత్తడమే. "ఒకటి... రెండు..." అని ఆయన గొంతు పక్కింటికి కూడా వినిపించేది. ఎనిమిదికో తొమ్మిదికో నా ముఖం చూసి, "చాలు. ఇంకో ఇద్దరికి చోటుండగానే తలుపేసేస్తున్నా" అనేవాడు. దించేటప్పుడు గబుక్కున వదిలేయకుండా మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా దించమంది ఫిజియో అమ్మాయి. ఎత్తడం కంటే దించడంలోనే ఎక్కువ పని ఉందట. నమ్మలేదు గానీ, మర్నాడు భుజం లాగడం చూశాక నమ్మాను. ఇది పాత సలుపు కాదు. పనిచేసిన ఒళ్ళు మర్నాడు గుర్తుచేసే మామూలు నొప్పి, రెండోరోజుకు పోయేది.

మూడు లీటర్లు మూడున్నర అయ్యాయి, తర్వాత నాలుగు. తొమ్మిదో వారం నుంచి ఆసుపత్రిలో నేలమీంచి ఎత్తడం మొదలుపెట్టించింది. మోకాళ్ళు వంచాలి, బుట్టను పొట్టకు దగ్గరగా పట్టుకోవాలి, ఊపిరి బిగబట్టకుండా లేస్తూ వదలాలి. "సగం పని కాళ్ళదే ఆంటీ. పాపం భుజం ఒక్కదాని మీదే భారమంతా వేయకండి." ఆరు కిలోలు, ఎనిమిది కిలోలు, పది కిలోలు. పదకొండో వారం చివర పన్నెండు కిలోలు ఆరుసార్లు ఎత్తాను. పదిసార్లు కాదు. ఆరే.

"పరీక్ష రోజుకు పది వస్తుందా అమ్మా?" అన్నాను.

"ముందు నాలుగు రోజులు ఏమీ చేయకుండా వెళ్ళండి. రావాలి" అంది. వస్తుంది అనలేదు. అబద్ధమాడే పిల్ల కాదని ముందే చెప్పాను కదా.

పరీక్ష మా లాండ్రీలోనే పెట్టారు. తడి వైపు, మెషిన్ల మధ్య. ఆసుపత్రి డాక్టరు కాగితాల అట్ట పట్టుకుని నిలబడ్డాడు. సూపర్‌వైజర్ పక్కనే ఉన్నాడు. మా వాళ్ళందరూ పని చేస్తున్నట్టు నటిస్తూ ఇటే చూస్తున్నారు. డాక్టరు రూలు చదివాడు: పదిసార్లు, మధ్యలో కావాలంటే ఒక్కసారి రెండు నిమిషాలు ఆగవచ్చు.

ఆ ఆగడమన్నది కాగితం మీద ఎప్పటి నుంచో ఉంది. వాడుకున్నవాళ్ళు లేరు. పోయినేడు మా మెషిన్ ఆపరేటరు, నాకంటే పదేళ్ళు చిన్నవాడు, ఇదే పరీక్షకు నిలబడ్డాడు. ఏడు దగ్గర చేయి వణుకుతున్నా ఆగలేదు. అందరూ చూస్తుండగా ఆగితే నామోషీ అనుకున్నాడు. ఎనిమిదోసారి బుట్ట జారిపోయింది. ఆ సాయంత్రమే లాకరు ఖాళీ చేసుకుని వెళ్ళిపోయాడు.

డాక్టరు లెక్క మొదలుపెట్టాడు. నాలుగు దాకా హాయిగా ఎత్తాను. ఐదు. ఆరు. ఏడుకు బుట్ట బల్లమీద పెట్టేటప్పుడు మోచేయి దగ్గర ఆ పాత వణుకు తెలిసింది. బుట్టను మళ్ళీ నేలమీదికి దించాను. నిటారుగా నిలబడి చూస్తే అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ నేలమీద డ్యూటీ వేళ నేను ఒక్కసారి కూడా కూర్చున్నదాన్ని కాదు.  ఇంకో మూడేగా, పళ్ళు బిగించి కానిచ్చేయ్ అని లోపల ఒక గొంతు పోరుతోంది. ఆ గొంతు నాకు తెలుసు. ఏడు వారాలు నన్ను నాశనం చేసిన గొంతు అదే.

"రెండు నిమిషాలు కావాలండీ" అన్నాను.

సూపర్‌వైజర్ కనుబొమలు పైకి లేచాయి. ఎవరో మెషిన్ మూత వేయబోయి ఆపేశారు. నిచ్చెన స్టూలు తెచ్చి నా వెనక పెట్టింది. కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, అందరి ముందూ, దర్జాగా కూర్చున్నాను. డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు. ఊపిరి మెల్లగా వదులుతుంటే చేతిలో వణుకు కొంచెం కొంచెంగా అణిగింది.

"టైమయింది" అన్నాడు డాక్టరు.

లేచాను. ఎనిమిది. తొమ్మిది. పదోసారి బుట్ట బల్లమీద ఆనిన చప్పుడు నాకు వినిపించలేదు, మా వాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఇంకా ఎత్తగలరా?" అన్నాడు డాక్టరు, రాసుకుంటూ, వేళాకోళంగానే.

"ఎత్తగలను. ఎత్తను" అన్నాను.

ఆయన నవ్వి సంతకం పెట్టాడు. సూపర్‌వైజర్ నా వంక చూసి, "రేపు పొద్దున ఆరింటికి. పొడి వైపు నుంచి మొదలుపెట్టండి" అన్నాడు.  తల ఊపి బయటికొచ్చాను. వరండా దాటేసరికి కళ్ళు నిండిపోయాయి.

గేటు దగ్గర మా ఆయన అటూ ఇటూ తిరుగుతున్నాడు. నా ముఖం చూసి గబగబా వచ్చాడు.

"పోనీలేవే" అన్నాడు, నేను నోరు తెరిచే లోపే. "పోతే పోయింది వెధవ ఉద్యోగం. నేను లేనూ? ఇద్దరం ఇంట్లో హాయిగా..."

"రేపు ఆరింటికి డ్యూటీ అండీ."

 గేటు పక్కన సిమెంటు బెంచీ ఉంది. దాని మీద కూలబడి, రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఏడవడం నేను చూడలేదు.

"ఏంటండీ ఇది, నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ" అన్నాడు. కాసేపటికి జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు. "నేను రిటైరైన రోజు డిపోలో టికెట్ల మిషనూ బ్యాగూ అప్పగించి బయటికొచ్చా చూడు. ఎటు నడవాలో తెలియలేదే. గంటసేపు గేటు దగ్గరే నిలబడ్డా. లోపలికి పోయే బస్సులన్నిటి వంకా చూస్తూ నిలబడ్డా. ఎవరైనా పిలుస్తారేమోనని. నీకెప్పుడూ చెప్పలేదు."

చెప్పలేదు. ఆ రోజు ఆయన ఆలస్యంగా వస్తే, స్నేహితులతో విందు చేసుకుని వచ్చాడనుకుని సాధించాను కూడా.

"నిన్ను కూడా గేటు బయట అలా చూడలేననుకున్నా. కుళాయి తిప్పి ఏడ్చావు చూడు, ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన చేయి నా చేతుల్లోకి తీసుకున్నాను, ఆ వీధిలో, అంతమంది ముందు. నా కుడి చేయి కొంచెం నొప్పిగానే ఉంది. లోపల షిఫ్టు మారే గంట మోగింది. జనం బయటికి రావడం మొదలైంది. వాళ్ళలో సగం మంది మమ్మల్ని చూసి నవ్వుకుంటూ పోయారు. మేమిద్దరం చాలాసేపు అక్కడే కూర్చున్నాం.